టీజే, అకాడమీ, బేస్ స్కూల్: మాగ్నెట్ సీటు ఎంచుకునే ముందు వేయాల్సిన లెక్కలు

క్లుప్తంగా: అమెరికాలో పోటీతో సీటు వచ్చే మాగ్నెట్ హైస్కూళ్లన్నీ ఒక తీరుగా ఉండవు. రోజంతా అక్కడే చదివేవి కొన్ని, మామూలు స్కూల్లో ఒక విభాగంగా నడిచేవి కొన్ని, రోజు విడిచి రోజు వెళ్లాల్సినవి కొన్ని. పిల్లల నాలుగేళ్లను స్కూల్ పేరు కన్నా ఈ అమరికే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఎనిమిదో తరగతికి ఏ గణితం పూర్తయింది, ప్రయాణానికి రోజూ ఎంత సమయం పోతుంది, బేస్ స్కూల్లో (ఇంటి చిరునామాను బట్టి కేటాయించే మామూలు స్కూల్) ఏం వదులుకోవాలి అన్న మూడు లెక్కలు తేలాకే ర్యాంకుల సంగతి చూడాలి. సీటు దక్కడానికీ ఫలితాలు మెరుగుపడటానికీ మధ్య సంబంధం అనుకున్నంత గట్టిగా లేదని ఆర్థికవేత్తల అధ్యయనాలు చెబుతున్నాయి.

ఉత్తర వర్జీనియాలో లౌడన్ కౌంటీలోని యాష్‌బర్న్, ఆల్డీ, సౌత్ రైడింగ్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వసంతం వచ్చేసరికి ఎనిమిదో తరగతి పిల్లలున్న ఇళ్లలో చర్చ ఒకటే. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ, అందరి నోటా టీజే. లీస్‌బర్గ్‌లోని అకాడమీస్ ఆఫ్ లౌడన్. ఈ రెండూ కాకుండా ఇంటికి దగ్గరగా ఉన్న బేస్ హైస్కూల్. లౌడన్‌లో ఉండేవారు టీజేకు, అకాడమీకి రెండింటికీ దరఖాస్తు చేయొచ్చు కాబట్టి కొందరికి రెండు ఆఫర్లూ వస్తాయి. అప్పుడు నిర్ణయానికి కొద్ది రోజులే గడువు. ఈ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటే న్యూజెర్సీ, మేరీలాండ్, న్యూయార్క్‌లలో ఎదురయ్యే ప్రశ్నలు కూడా చాలావరకు అర్థమవుతాయి.

## మాగ్నెట్ స్కూళ్లు పుట్టింది ఎందుకు

పోటీ పరీక్షతో చేర్చుకునే స్కూళ్లు అమెరికాలో పాతవే. న్యూయార్క్‌లోని స్టైవసెంట్ 1904లో, బ్రాంక్స్ సైన్స్ 1938లో మొదలయ్యాయి. మాగ్నెట్ అన్న ఆలోచన మాత్రం 1960ల చివర వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో 1968లో మెక్‌కార్వర్ ఎలిమెంటరీని ఆ కోవలో మొదటిదిగా చెబుతారు. పిల్లలను బలవంతంగా బస్సుల్లో వేరే పేటల బడులకు పంపకుండా, మంచి ప్రోగ్రామును చూపి తెల్లవారి పిల్లలనూ నల్లవారి పిల్లలనూ ఒకే బడికి రప్పించాలన్నది ఉద్దేశం. 1974లో మిలికెన్ వర్సెస్ బ్రాడ్లీ కేసులో సుప్రీంకోర్టు, స్కూల్ డిస్ట్రిక్టు సరిహద్దులు దాటించే బస్సింగ్‌కు హద్దులు పెట్టింది. ఆ తర్వాత ఇలాంటి స్వచ్ఛంద పథకాల ప్రాధాన్యం పెరిగింది.

వర్జీనియాలో టీజే, మేరీలాండ్‌లో మాంట్‌గోమరీ బ్లెయిర్ హైస్కూల్లోని సైన్స్ మాగ్నెట్ రెండూ 1985లోనే మొదలయ్యాయి.

ఈ చరిత్రతో ఇప్పటి తల్లిదండ్రులకు పనేమిటంటే, స్కూల్ బోర్డు దృష్టిలో మాగ్నెట్ సీటు ప్రతిభకు ఇచ్చే బహుమతి మాత్రమే కాదు, కౌంటీ అంతటా పంచాల్సిన వనరు కూడా. అడ్మిషన్ నిబంధనలు తరచూ మారడానికి, కోర్టుకెక్కడానికి మూలం ఇక్కడే ఉంది.

## సీటు ఎలా వస్తుంది

ఎంసెట్ ర్యాంకుతో కాలేజీ తేల్చుకున్న తరానికి న్యూయార్క్ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఎనిమిది స్కూళ్లకు ఒకే పరీక్ష, ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ. స్టైవసెంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్‌లకు పరీక్షే ప్రాతిపదిక కావాలని 1971లో రాష్ట్ర చట్టమే చెప్పింది. పిల్లలు తమకు కావాల్సిన స్కూళ్లను వరుసగా రాసిస్తారు. మార్కుల క్రమంలో పైనుంచి కిందికి వస్తూ, ప్రతి ఒక్కరికీ వాళ్ల జాబితాలో అప్పటికి ఖాళీ ఉన్న మొదటి స్కూల్‌ను ఇస్తారు. వచ్చేది ఒక్క ఆఫరే. కాబట్టి నిజంగా వెళ్లాలనుకున్న క్రమంలోనే రాయాలి. "ఎలాగూ రాదు" అని ఇష్టమైన స్కూల్‌ను కిందికి నెడితే నష్టమే తప్ప లాభం లేదు. పై స్కూల్ రాకపోయినంత మాత్రాన కింది స్కూల్లో అవకాశం తగ్గదు.

టీజే పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. 2020 వరకు అక్కడా పరీక్షలు ఉండేవి. ఆ అక్టోబరులో స్కూల్ బోర్డు వాటినీ, 100 డాలర్ల దరఖాస్తు రుసుమునూ తీసేసింది. సీట్లను సుమారు 550కి పెంచింది. డిసెంబరులో, దరఖాస్తుకు కావాల్సిన కనీస జీపీఏను (మార్కుల సగటు) 3.0 నుంచి 3.5కు పెంచి, ఎనిమిదో తరగతికల్లా ఆనర్స్ ఆల్జీబ్రా 1 లేదా అంతకన్నా పై గణితం చదువుతుండాలని పెట్టింది. ఇప్పుడు చూసేవి జీపీఏ, విద్యార్థి తన గురించి రాసే స్టూడెంట్ పోర్ట్రెయిట్ షీట్, గణితం లేదా సైన్స్ సమస్యను పరిష్కరిస్తూ రాసే వ్యాసం, కుటుంబ ఆదాయం, ఇంగ్లిష్ నేర్చుకునే దశ వంటి అనుభవ అంశాలు.

అన్నిటికన్నా ప్రభావం చూపుతున్నది 1.5 శాతం నిబంధన. ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూల్‌కు, అక్కడి ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతానికి సమానమైన సీట్లు కేటాయిస్తారు. ఎనిమిదో తరగతిలో 600 మంది ఉంటే 9 సీట్లు. ఆ 9 సీట్లకు 20 మంది పోటీపడే బడి ఉంది, 150 మంది పోటీపడే బడి కూడా ఉంది. మిగిలిన సీట్లకు మాత్రమే అందరి మధ్యా పోటీ. అంటే ఒకే జీపీఏ, ఒకే స్థాయి వ్యాసం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి సీటు వచ్చి ఒకరికి రాకపోవడానికి వాళ్లు చదువుతున్న మిడిల్ స్కూలే కారణం కావచ్చు. ఇది అర్థమైతే, సీటు రాని పిల్లవాడిని తక్కువ చేసి మాట్లాడటానికి ఇంట్లో ఎవరికీ ఆధారం ఉండదు. ఈ సంగతి పిల్లలకు ఫలితాల తర్వాత కాదు, దరఖాస్తు వేసేటప్పుడే చెప్పాలి.

మార్పు తర్వాత మొదటి బ్యాచ్ ఆఫర్లలో ఆసియన్ అమెరికన్ల వాటా సుమారు 73 నుంచి 54 శాతానికి తగ్గింది. దీనిపై వేసిన దావాలో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు 2023 మేలో బోర్డు పక్షాన తీర్పిచ్చింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది. 2025లో ఫెడరల్ విద్యాశాఖ మళ్లీ దర్యాప్తు మొదలుపెట్టింది. అందువల్ల పెద్ద పిల్లవాడికి వర్తించిన నిబంధనలే చిన్నవాడికీ వర్తిస్తాయని లెక్క వేసుకోకూడదు. ఏ ఏడాది దరఖాస్తు వేస్తే ఆ ఏడాది నిబంధనలే చూడాలి.

న్యూజెర్సీలో బర్గన్ కౌంటీ అకాడమీస్ తరహా స్కూళ్లలో ఇంకో మెలిక ఉంది. స్కూల్‌తో పాటు అందులో ఉన్న ఏడు అకాడమీల్లో ఒకదాన్ని ఎనిమిదో తరగతిలోనే ఎంచుకోవాలి. పదమూడేళ్ల వయసులో వైద్యమా, ఇంజినీరింగా, వ్యాపారమా అని తేల్చుకోవడం అందరికీ కుదిరేది కాదు. అభిరుచి ఇంకా స్థిరపడని పిల్లలకు విభాగం ముందే కోరని ప్రోగ్రామ్ మేలు.

## మూడు రకాల అమరికలు

టీజే పూర్తి స్కూల్. అక్కడ చేరితే బేస్ స్కూల్‌తో సంబంధం ఉండదు. ఏడు కోర్సులతో పాటు ఎయిత్ పీరియడ్ అని ఒక సమయం ఉంటుంది. క్లబ్బులు చాలావరకు బడి వేళల్లోనే, ఆ పీరియడ్‌లోనే జరుగుతాయి. దూరం నుంచి వచ్చే పిల్లలకు ఇది పెద్ద ఊరట. తొమ్మిదో తరగతిలో బయాలజీ, ఇంగ్లిష్, టెక్నాలజీలను కలిపి ఒకే బృందానికి చెబుతారు. పన్నెండో తరగతిలో ప్రతి విద్యార్థీ ఏదో ఒక ల్యాబ్‌లో పరిశోధన ప్రాజెక్టు చేయాలి. ఖగోళశాస్త్రం, సముద్రశాస్త్రం, న్యూరోసైన్స్, కంప్యూటర్ సిస్టమ్స్ వంటి ల్యాబులున్నాయి. కొన్ని ల్యాబులకు ముందస్తు కోర్సులు తప్పనిసరి. పదకొండో తరగతిలో మేల్కొంటే ఆలస్యమైపోతుంది. ఏ ల్యాబ్ కావాలో తొమ్మిది చివరికి కొంతైనా ఆలోచన ఉంటే, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి కోర్సులు పెట్టుకోవచ్చు.

బ్లెయిర్ రెండో రకం. పెద్ద సాధారణ హైస్కూల్ లోపల ఒక మాగ్నెట్ విభాగం. సైన్స్, గణితం, కంప్యూటర్ సైన్స్ తరగతులను తోటి మాగ్నెట్ పిల్లలతో కలిసి చదువుతారు. ఆటలు, సంగీతం, మిగతా తరగతులు స్కూల్ అందరితో. గణితంలో మిన్నగా ఉండి, బడి జీవితం కూడా విశాలంగా ఉండాలనుకునే పిల్లలకు మూడు అమరికల్లో ఇదే బాగా సరిపోతుంది.

అకాడమీస్ ఆఫ్ లౌడన్ మూడో రకం. ఒకరోజు అకాడమీ, ఒకరోజు బేస్ స్కూల్. అందులో అకాడమీ ఆఫ్ సైన్స్ పరిశోధన వైపు, అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ అండ్ టెక్నాలజీ నిర్మాణం, ప్రోగ్రామింగ్ వైపు మొగ్గుతాయి. సైన్స్, గణితం, పరిశోధన ప్రధానంగా అక్కడ. మిగతావి బేస్ స్కూల్లో. డిప్లొమా బేస్ స్కూల్ పేరుతోనే వస్తుంది.

తల్లిదండ్రులు పట్టించుకోని చిక్కు ఈ మూడో అమరికలోనే ఉంది. లౌడన్ హైస్కూళ్లలో రోజుకు నాలుగు బ్లాకులు, అంటే నాలుగు పొడవైన పీరియడ్లు. రోజు విడిచి రోజు మాత్రమే బేస్ స్కూల్లో ఉంటే అక్కడ దొరికేవి నాలుగు కోర్సులే. ఇంగ్లిష్, చరిత్ర, ఒక భాష. వర్జీనియా డిప్లొమాకు హెల్త్, పీఈ (వ్యాయామ విద్య) కలిపి రెండు క్రెడిట్లు కావాలి కాబట్టి తొమ్మిది, పది తరగతుల్లో నాలుగో బ్లాకు దానికే పోతుంది. ఆర్కెస్ట్రా, బ్యాండ్, ఆర్ట్ ఎక్కడ పెడతారు? పీఈని వేసవిలో పూర్తి చేస్తేనో, భాషను ముందే ముగిస్తేనో తప్ప చోటుండదు. ఆరేళ్లుగా వయొలిన్ వాయిస్తున్న పిల్లకు ఈ సంగతి ఆగస్టులో తెలిస్తే అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ. టీజేలోనూ తొమ్మిదో తరగతి టైమ్‌టేబుల్ ఇంచుమించు నిండిపోతుంది. అక్కడా సంగీతం ఉంచుకోవాలంటే ఏదో ఒకటి వేసవికి జరపాల్సి వస్తుంది.

## గణితం మెట్లు

ఏ సైన్స్ మాగ్నెట్‌లోనైనా పిల్లలు ఇబ్బందిపడితే అది ముందు కనిపించేది గణితంలోనే. అమెరికా క్రమం ఇదీ: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్. ఏడో తరగతిలో ఆల్జీబ్రా 1 చేసినవారు పదకొండులో కాలిక్యులస్‌కు చేరి, పన్నెండులో మల్టీవేరియబుల్ కాలిక్యులస్ లేదా లీనియర్ ఆల్జీబ్రా చదవగలరు. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చేసినవారు పన్నెండులోనే కాలిక్యులస్‌కు చేరతారు. దీనివల్ల డిగ్రీ అవకాశాలేమీ మూసుకుపోవు. కానీ మాగ్నెట్ స్కూల్లో భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, పరిశోధన ల్యాబ్‌లలో పై కోర్సులకు గణితమే తాళంచెవి. ఏడాది వెనకున్నవారికి పన్నెండో తరగతిలో అవి కొన్నే అందుతాయి.

ఆ ఏడాదిని అందుకోవడానికి చాలామంది వేసవిలో జామెట్రీ పూర్తి చేయిస్తారు. ఏడాది పాఠం కొన్ని వారాల్లో ముగుస్తుంది, క్రెడిట్ వస్తుంది, మార్కులూ బాగానే వస్తాయి. లోటు తర్వాత బయటపడుతుంది. నిరూపణలు రాసే అలవాటు, సరూప త్రిభుజాలు, వృత్త ధర్మాలు తొందరలో పైపైన జరిగిపోతాయి. అవి ప్రీకాలిక్యులస్‌లో త్రికోణమితి మొదలవగానే అడ్డుతగులుతాయి. వేసవి జామెట్రీ తీసుకోవడంలో తప్పు లేదు. కానీ ఆగస్టులో పిల్లల చేత పుస్తకం చూడకుండా నాలుగైదు నిరూపణలు రాయించి చూడాలి. రాయలేకపోతే తొమ్మిదిలో జామెట్రీ చదవడమే నయం.

కోచింగ్ సెంటర్లలో పై తరగతి గణితం ముందే చదివిన పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. ఒక రకం లెక్కను వేగంగా చేయడం వేరు, చూడని లెక్క దగ్గర గంటసేపు కూర్చోగలగడం వేరు. మాగ్నెట్ ప్రోగ్రాములు నడిచేది రెండోదాని మీద.

## ప్రయాణం, నిద్ర

యాష్‌బర్న్ నుంచి టీజేకు బస్సులో వెళ్లి రావడానికి రోజుకు రెండున్నర గంటలు పడుతుందనుకుందాం. 180 రోజుల విద్యా సంవత్సరానికి అది 450 గంటలు. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. తొమ్మిది గంటల నిద్ర, ఏడు గంటల బడి, రెండున్నర గంటల ప్రయాణం, తిండికీ స్నానానికీ గంటన్నర తీసేస్తే మిగిలేవి నాలుగు గంటలు. అందులో హోంవర్క్ మూడు గంటలైతే, కూచిపూడికైనా టెన్నిస్‌కైనా ఉత్తినే కూర్చోవడానికైనా మిగిలేది ఒక గంట. ఆచరణలో ఆ గంట కోసం నిద్రే తగ్గుతుంది.

ఈ లెక్కను ఎవరి చిరునామాకు వాళ్లు వేసుకోవాలి. ఇంటి నుంచి స్కూల్‌కు మ్యాప్‌లో కనిపించే సమయం కాదు, ఇంటి నుంచి బస్సు ఆగే చోటుకు, అక్కడ వేచి ఉండే సమయం, బస్సు ప్రయాణం మూడూ కలపాలి. బడి జరుగుతున్న ఒక మామూలు మంగళవారం ఉదయం ఆ దారిలో వెళ్లి చూస్తే సందేహం తీరిపోతుంది.

## పరిశోధనలు చెబుతున్నది

పేరున్న స్కూల్లో చేరితే ఫలితాలు మెరుగవుతాయా? దీన్ని పరీక్షించడానికి ఆర్థికవేత్తలు కటాఫ్‌కు కొంచెం పైనున్నవారినీ కొంచెం కిందున్నవారినీ పోల్చారు. ఇద్దరి సామర్థ్యమూ దాదాపు ఒకటే. ఒకరికి సీటు వచ్చింది, మరొకరికి రాలేదు. అబ్దుల్‌కదిరోలు, ఆంగ్రిస్ట్, పాఠక్ బోస్టన్, న్యూయార్క్ స్కూళ్లపై 2014లో వెలువరించిన అధ్యయనంలో, సహాధ్యాయుల స్థాయి ఎంతో పెరిగినా పరీక్ష మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే ఏడాది డాబీ, ఫ్రయర్ న్యూయార్క్ స్కూళ్లపై చేసిన అధ్యయనంలో, పిల్లలు కఠినమైన కోర్సులు ఎక్కువ తీసుకున్నా కాలేజీ చేరికల్లో పెద్ద మార్పు రాలేదు. చికాగో సెలెక్టివ్ స్కూళ్లపై 2020లో వచ్చిన అధ్యయనం, మార్కులు పెరగలేదనీ జీపీఏ తగ్గిందనీ, బడి వాతావరణం పట్ల మాత్రం పిల్లల అభిప్రాయం మెరుగ్గా ఉందనీ తేల్చింది.

వీటిని చదివి మాగ్నెట్ దండగ అనుకోవడం పొరపాటు. ఇవి కటాఫ్ దగ్గరున్న పిల్లల సగటు. గణితంలో వయసుకు మించి ఎదిగిపోయి, బేస్ స్కూల్లో పదకొండో తరగతికే కోర్సులు అయిపోయే పిల్లల గురించి ఇవి చెప్పవు. అలాంటివారికి ల్యాబ్, పై కోర్సులు, తమలాంటి స్నేహితులు దొరకడమే లాభం. మార్కుల్లో అది కనిపించదు. వెయిట్‌పూల్‌లో (ఖాళీ వస్తే సీటిచ్చే జాబితా) ఉండి ఆందోళనపడే కుటుంబాలకు మాత్రం ఈ అధ్యయనాలు సూటిగా వర్తిస్తాయి. వాళ్ల పిల్లలు సరిగ్గా ఆ అంచున ఉన్నవారే.

మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచి చూపుతున్న ఇంకో సంగతి, సమాన సామర్థ్యం ఉన్న పిల్లల్లో బలమైన బృందంలో చేరినవారికి తమ చదువుపై తమకున్న నమ్మకం తగ్గుతుందని. మిడిల్ స్కూల్లో ఎప్పుడూ మొదటి వరుసలో ఉన్న పిల్ల, టీజేలో మొదటి క్వార్టర్‌లో బి తెచ్చుకుంటే ఇంట్లోవాళ్లు ఎలా తీసుకుంటారన్నది ముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

## ర్యాంకులు, కాలేజీ లెక్క

యూఎస్ న్యూస్ పత్రిక ర్యాంకులో సీనియర్లలో (పన్నెండో తరగతివారు) ఎంతమంది ఏపీ లేదా ఐబీ అనే కాలేజీ స్థాయి పరీక్షలు రాసి ఉత్తీర్ణులయ్యారు, రాష్ట్ర పరీక్షల ఫలితాలు ఎలా ఉన్నాయి వంటివి ప్రధానం. ఎంచి తీసుకున్న పిల్లలున్న స్కూల్‌కు ఇవి సహజంగానే ఎక్కువ. అంటే ర్యాంకు చాలావరకు లోపలికి వచ్చినవారి స్థాయిని చూపుతుంది, అక్కడ నేర్పినదాన్ని విడదీసి చూపదు. టీజే 2024లో 14వ స్థానానికి దిగినప్పుడు కొత్త అడ్మిషన్ విధానమే కారణమన్నవారున్నారు. ఆ ర్యాంకుకు వాడినవి 2021-22 లెక్కలు. అప్పటి సీనియర్లు పాత పరీక్షతో చేరినవారే.

కాలేజీలు దరఖాస్తును స్కూల్ ప్రొఫైల్‌తో కలిపి చదువుతాయి. ఆ స్కూల్లో ఏ కోర్సులున్నాయో, వాటిలో ఈ విద్యార్థి ఎంత కఠినమైనవి తీసుకున్నాడో కౌన్సిలర్ నివేదికలో ఉంటుంది. అందువల్ల బేస్ స్కూల్లో ఉన్న కఠినమైన కోర్సులన్నీ తీసుకుని, మిగిలినవి కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌తో (హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చేయడం) చదివిన విద్యార్థి వెనకబడినట్టు కాదు. టీజేలో చేరి, భారం తట్టుకోలేక అక్కడి తేలిక దారిని ఎంచుకున్నవారి ప్రొఫైల్ వేరుగా చదవబడుతుంది.

## ఆఫర్ వచ్చాక

ముందు రెండు స్కూళ్లకూ నాలుగేళ్ల కోర్సుల పట్టిక కాగితం మీద రాయాలి. ప్రతి ఏడాదికీ ఎన్ని కోర్సులకు చోటుంటే అన్ని గళ్లు గీసి, డిప్లొమాకు తప్పనివి ముందు నింపి, మిగిలిన గళ్లలో పిల్లలు ఇష్టపడేవి పెట్టాలి. ఖాళీలు మిగలకపోతే ఏది వదులుకోవాలో అప్పుడే తెలుస్తుంది. తర్వాత బేస్ స్కూల్ కౌన్సిలర్‌ను అడగాల్సిన ప్రశ్నలు: కాలిక్యులస్ తర్వాత గణితం ఇక్కడ ఉందా, ఉంటే ప్రతి ఏడాదీ తరగతి నడుస్తుందా, తగినంతమంది చేరకపోతే రద్దవుతుందా? కేటలాగ్‌లో పేరున్నంత మాత్రాన కోర్సు నడవదు.

సీనియర్ విద్యార్థులతో మాట్లాడేటప్పుడు "బాగుందా" అని అడిగితే ఉపయోగం లేదు. నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఈ ఏడాది ఏ ఇష్టం మానుకున్నారు, ఏ కోర్సు కోరినా దొరకలేదు అని అడగాలి. ఆ సంభాషణ పిల్లలే జరపాలి, తల్లిదండ్రులు పక్కన లేకుండా.

వెనక్కి వచ్చే దారి గురించి కూడా చేరేముందే కనుక్కోవాలి. మాగ్నెట్ నుంచి బేస్ స్కూల్‌కు తిరిగి రావడం సాధ్యమే, కానీ ఎప్పుడు వస్తారన్నది ముఖ్యం. చాలా కోర్సులకు క్రెడిట్ ఏడాది చివర వస్తుంది. జనవరిలో మారితే కలిపి చెప్పే కోర్సులకు బేస్ స్కూల్లో సరిగ్గా సరిపోయే తరగతి దొరకదు, పరిశోధన కోర్సు వట్టి ఎలక్టివ్‌గా మిగులుతుంది. జూన్‌లో మారితే ఇంచుమించు అన్నీ సర్దుకుంటాయి. తొమ్మిదో తరగతి ముగిశాక మారినవారికి పది మొదట్లోనే కొత్త స్కూల్లో క్లబ్బులు, జట్లు అందుతాయి. పదకొండో తరగతి మధ్యలో మారితే కాలేజీ సిఫార్సు లేఖలు రాయాల్సిన ఉపాధ్యాయులకు పిల్లలతో పరిచయం కొన్ని నెలలదే అవుతుంది. అందుకని మొదటి ఏడాది మార్చిలో ఒకసారి నిద్ర, గణితం మార్కులు, పిల్లల ముఖంలో ఉత్సాహం చూసి, కొనసాగాలా వద్దా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే తేదీ ముందే పెట్టుకోవాలి. తర్వాతి ఏడాది కోర్సుల ఎంపిక ఇంచుమించు ఆ రోజుల్లోనే జరుగుతుంది కాబట్టి బేస్ స్కూల్లో మంచి తరగతులు నిండకముందే చోటు దొరుకుతుంది.